ముప్పై తొమ్మిదో మనిషి

బల్ల మీద పెట్టిన ఫొటోను పద్మశ్రీ రెండోసారి చూడలేదు. మొదటి చూపులోనే ఆ మొహాన్ని గుర్తుపట్టింది. గుర్తుపట్టిన సంగతి ఎదుటివాడికి తెలియకూడదని గోడ మీది ఐసు ఫ్యాక్టరీ క్యాలెండరు వంక తిరిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో ఆ క్షణంలో ఆమెకు బాగా తెలిసొచ్చింది.

"ఫాం వాన్ లాంగ్. వియత్నాం దేశస్థుడు. ఇరవై తొమ్మిదేళ్ళు," అన్నాడు విజయకుమార్.

కేంద్రం నుంచి వచ్చిన భద్రతా దళానికి అతను డీఎస్పీ. ఇస్త్రీ మడత నలగని చొక్కా, అవసరానికి మించని మాటలు. రొయ్యల ప్లాంటు ఆఫీసు గదిని పొద్దున్నే స్వాధీనం చేసుకుని, యజమాని కుర్చీలో తానే కూర్చున్నాడు.

"నా మనుషులు నిన్న మధ్యాహ్నం మూడున్నరకి ఈ గేటు ముందు దిగారు. సరిగ్గా మూడున్నరకి అతను ఫ్రీజరు గది షీటు మీద టెంపరేచరు రాసి సంతకం పెట్టాడు. అరగంటకోసారి రాయాలి. నాలుగింటి గడి ఖాళీ. మనిషి లేడు."

"ఏం చేశాడని వెతుకుతున్నారు?"

"ఓడలరేవు పక్కన ఆయిల్ టెర్మినల్ ఉంది కదా. దాని కంచె ఫొటోలు, గేటు దగ్గర కాపలా మారే టైములు దేశం దాటి వెళ్ళాయి. వెళ్ళింది అతని పేరు మీదున్న ఫోను నుంచి. ఇంకా చెప్పాలా?"

పద్మశ్రీ తీర నమోదు సెల్‌లో ఎస్సై. కోనసీమలో అడుగుపెట్టే ప్రతి విదేశీయుడి కాగితమూ ఆమె చేతిమీదుగా పోవాలి. ఏ వీసా మీద వచ్చాడు, ఎక్కడ దిగాడు, చెప్పిన పనే చేస్తున్నాడా అని వెళ్ళి కళ్ళతో చూసి రాయడమే ఆమె ఉద్యోగం. లాంగ్ గురించి సెప్టెంబరు తొమ్మిదిన రాసింది కూడా. "స్వయంగా వెళ్ళి విచారించాను. కొనుగోలు చర్చలకు వచ్చిన వ్యక్తి. అభ్యంతరం లేదు." ఆ రోజు ఆమె కుర్చీలోంచి లేవలేదు. ప్లాంటు రోడ్డు వాన నీళ్ళలో మునిగి ఉంది, రేపు వెళ్ళొచ్చులే అనుకుంది. ఆ రేపు రాలేదు.

అంతటితో పోయినా బాగుండేది. దీపావళి వెళ్ళిన రెండో రోజు, ఈ ఫొటోలోని మనిషే అమలాపురంలో ఆమె గది బయట బెంచీ మీద వచ్చి కూర్చున్నాడు. తెలుగు రాదు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు. పాస్‌పోర్టు యజమాని తీసుకున్నాడని, ఇవ్వడం లేదని, ఇంటికి వెళ్ళాలని చేతులతో చెప్పుకున్నాడు. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాటేదాకా కూర్చున్నాడు. ఆ ఫిర్యాదు రాసుకుంటే, మరి సెప్టెంబరులో నువ్వు వెళ్ళి చూసిందేమిటని పైవాళ్ళు అడుగుతారు. పద్మశ్రీ రాసుకోలేదు. యజమానికి ఫోను చేసి, "మీ మనిషి ఇక్కడున్నాడు, తీసుకెళ్ళండి," అంది. యజమానే జీపు వేసుకుని వచ్చాడు. ఎక్కనని అతను జీపు తలుపు పట్టుకున్నాడు. ఆమె ఫైలు తెరిచి చదువుకుంటున్నట్టు నటించింది.

పదిహేడు రోజులైంది. ఇప్పుడు ఆమె పరిస్థితి తేలు కుట్టిన దొంగ పరిస్థితి. అరవలేదు, ఊరుకోనూలేదు.

*

బంగారరాజు గారిని లోపలికి పిలిచారు. ప్లాంటు యజమాని ఆయనే. మస్కట్‌లో పంతొమ్మిదేళ్ళు పనిచేసి వచ్చి, ముందు చెరువులు తవ్వించి, తర్వాత ఈ ప్లాంటు కట్టాడు. ఏసీ గదిలో కూడా తుండుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"అతని పాస్‌పోర్టు మీ సొరుగులో దొరికింది. అక్కడెందుకుంది?" విజయకుమార్ అడిగాడు.

బంగారరాజు నిజంగానే తెల్లబోయాడు. "ఎందుకుందేవిటండి? నా దగ్గర పనిచేసేవోడి పాస్‌పోర్టు నా దగ్గర కాక ఇంకెక్కడుంటాదండి? మస్కట్‌లో పంతొమ్మిదేళ్ళూ నా పాస్‌పోర్టు నేను ముట్టుకోలేదండి. మా కఫీలు, అదేనండి నన్ను పన్లో పెట్టుకున్న అరబ్బు యజమాని, ఆయన బీరువాలో ఉండేది. ఆయన జాగ్రత్తగా దాచేరు. నేనూ అలాగే జాగ్రత్తగా దాచేను."

"అది నేరం."

"నేరవాండి?" ఆయన పద్మశ్రీ వంక చూశాడు. "అయితే మా ఊళ్ళో ఇంటికొకడు నేరస్తుడి దగ్గర పనిచేసొచ్చినట్టేనండి."

"వ్యాపార వీసా మీద వచ్చినవాడు బేరం మాట్లాడుకుని వెళ్ళిపోవాలి. లైన్లో నిలబడి పని చేయకూడదు, పని నేర్పకూడదు. అతను ఫ్రీజరు షీట్లు రాస్తున్నాడు."

"ఆగస్టులో అమెరికావోడు సుంకం యాభై శాతం చేసి కూర్చున్నాడండి. మా సరుకంతా అటే పోయేది. కొనేవోడు లేక రైతులు చెరువుగట్టు మీద కూలబడిపోతే నన్నేం చెయ్యమంటారండి? జపానోడు తీసుకుంటానన్నాడు. అయితే ఆడికి ఒట్టి ఒలుపు చాలదండి. రొయ్య పొట్టకింద గాట్లెట్టి, విరక్కుండా సాగదీసి, పళ్ళెంలో వరసగా పేర్చాలి. మావోళ్ళకి అది రాదు. లాంగుబాబుకొచ్చు. ఉద్యోగం వీసా అంటే పెద్ద జీతం చూపించాలి, కాగితాలకి నెలలు పడతాయి. సుంకం ఎయ్యడానికి అమెరికావోడు నెలలు ఆగేడాండి?"

"మూడో తారీఖుతో వీసా గడువు అయిపోయింది. అప్పుడైనా పంపొచ్చు."

"కంటైనరు పదో తారీఖునండి. వారం తేడా. నేను మస్కట్‌లో వీసా అయిపోయేక పద్నాలుగు నెలలున్నాను. వారానికేవౌద్దిలే అనుకున్నాను." బంగారరాజు తుండు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అయినా మేడంగారికి తెలియందేవుందండి. వారొచ్చి తనిఖీ కూడా చేసేరు కదండి."

ఆ 'కదండి' దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగాడు. నా గుట్టు విప్పితే నీ గుట్టూ విప్పుతానని చెప్పడానికి ఆ ఆగడం చాలు.

"అతను ఇన్నాళ్ళలో ఎప్పుడైనా ఈ గేటు దాటి వెళ్ళాడా?" విజయకుమార్ చివరి ప్రశ్న అడిగాడు.

"లేదండి. ఒక్కసారి కూడా లేదు."

పద్మశ్రీ కాదనలేదు. ఇంత చదువూ చదివి, ఈ బట్టలు వేసుకుని, ఒక రొయ్యల వ్యాపారి అబద్ధం వెనక దాక్కోవాల్సి వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

*

ప్లాంటు వెనక రేకుల గదిలో లాంగ్ ఉండేవాడు. ఒక మంచం, బియ్యం వండుకునే కుక్కరు, తాడు మీద రెండు చొక్కాలు. గోడకున్న ప్లగ్గులో ఫోను ఛార్జరు అలాగే ఉంది. మంచం కింద చెప్పులు, వాటి పక్కనే బట్టల సంచి. పద్మశ్రీ అన్నీ చూసింది కానీ దేన్నీ ముట్టుకోలేదు.

"నాలుగింటికి వెనక కాలవలో పడవ ఇంజను మోత విన్నానని చెరువు కాపలావాడు చెప్పాడు," విజయకుమార్ గుమ్మంలో నిలబడి అన్నాడు. "పడవ సిద్ధంగా ఉంచుకున్నాడు. కాలవ కలిసే మొగ దాటి సముద్రంలోకి వెళ్ళిపోయాడు. అక్కడ ఓడ ఎక్కించుకుంది."

"నిన్న నాలుగింటికా సార్?"

"అవును."

"నిన్న పౌర్ణమి వెళ్ళిన రెండో రోజు. పోటు పొద్దున్న పదింటికి. నాలుగయ్యేసరికి నీళ్ళు వెనక్కి తీసేసి పూర్తి పాటు. ఆ వేళ ఈ కాలవలో మోకాలి లోతు నీళ్ళుండవు, పడవ బురదలో కూర్చుంటుంది. కాపలావాడు విన్నది చెరువు మోటారు మోత అయ్యుంటుంది." ఆమె వంగి చెప్పుల వైపు చూపించింది. "ఓడ ఎక్కడానికి ముందే ఏర్పాట్లు చేసుకున్నవాడు చెప్పులు, బట్టలు వదిలి పోతాడా?"

"మీకు సముద్రం సంగతులు బాగా తెలిసినట్టున్నాయే."

"మా నాన్న సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు నడిపేవాడు సార్. ఎక్కాల కంటే ముందు పోటూ పాటూ నేర్చుకున్నాను."

విజయకుమార్ గదిలోకి వచ్చాడు. జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి ఆమె చేతికిచ్చాడు. "ఇది అతని దిండు కింద దొరికింది. దీనికి ఏ పాటు లెక్క చెప్తారో చెప్పండి."

పేజీల నిండా మూడేసి అంకెల వరసలు. పదకొండు, పంతొమ్మిది, నాలుగు. ముప్పై మూడు, పదహారు, రెండు. ఇరవై ఏడు, పద్నాలుగు, సున్నా. ప్రతి పేజీలోనూ ఇరవై ఏడు చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి ఉంది.

"మొదటిది కంచె స్తంభం నంబరు. రెండోది గస్తీకి పట్టే నిమిషాలు. ఇరవై ఏడో స్తంభం దగ్గర సున్నా అంటే అక్కడ కాపలా లేదు," అన్నాడు విజయకుమార్. "లోపలికి దూరడానికి చోటు చూసుకున్నాడు."

పద్మశ్రీ పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. నీచు వాసన. మొదటి అంకె ఎక్కడా ముప్పై ఎనిమిది దాటలేదు. బయటికి నడిచి, ఒలుపు హాలు గుమ్మం పక్కన గోడ దగ్గర ఆగింది. గోడకు మేకుల వరస. మేకుకొక ఇత్తడి బిళ్ళ. ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా.

"టోకెన్లు సార్. పనిచేసే ఆడవాళ్ళవి. ఒక్కో పళ్ళెం సాగదీసి పేర్చడానికి ఎవరికి ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎన్ని రొయ్యలు తెగాయో రాసుకున్నాడు. ఇరవై ఏడుకి ఒక్కటీ తెగలేదు. అందుకని మెచ్చుకుని చుట్టూ గీశాడు."

విజయకుమార్ ఇరవై ఏడో బిళ్ళను వేలితో తిప్పి చూశాడు. "సరే. సాక్ష్యంగా పుస్తకం పోయింది. ఫోను పోలేదు," అని వెనుదిరిగాడు. పోతూ పోతూ, "అతన్ని కాపాడాలని మీకు ఎందుకింత ఆత్రం, పద్మశ్రీ గారూ?" అన్నాడు.

పద్మశ్రీ పుస్తకం మూసి గేటు వైపు నడిచింది.

*

గేటు పుస్తకం హెడ్ కానిస్టేబులు అంజిబాబు తెచ్చి చూపించాడు. ఎనిమిదేళ్ళుగా ఆమె కిందే పనిచేస్తున్నాడు. సెల్‌లో ఉన్నది ఇద్దరే కాబట్టి వచ్చిన ప్రతి కాగితం మీదా ఇన్‌వర్డు నంబరు వేయడం, ఫైళ్ళు కుట్టడం, టీ కుర్రాడు రాని రోజు టీ పెట్టడం కూడా అతనే.

"నిన్న పొద్దున్న వ్యాన్లలో వచ్చిన ఆడోళ్ళు ముప్పై ఎనిమిది మందండి. నాలుగింటికి వెళ్ళినోళ్ళు ముప్పై తొమ్మిదని రాసేడండి గేటోడు. లెక్క తప్పిందేమోలే అని ఊరుకున్నాడంట. ఆయ్."

పద్మశ్రీ ఒలుపు హాల్లోకి తొంగిచూసింది. నీలం ఏప్రాన్లు, తలకు తెల్ల టోపీలు, కళ్ళు తప్ప ఏమీ కనపడని మాస్కులు. గేటు దగ్గర విజయకుమార్ మనుషులు మగవాడి కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటే, వాళ్ళ ముందు నుంచే ఏప్రాన్లు, మాస్కులు విప్పకుండా ఎక్కిన ఆడవాళ్ళ వ్యాను వెళ్ళిపోయింది.

"టోకెను ఇరవై ఏడు ఎవరిది?"

"దుర్గమ్మదండి. కువైట్ వెళ్ళొచ్చిందావిడ."

బట్టలు మార్చుకునే గదిలో దుర్గమ్మను ఒంటరిగా కలిసింది. యాభై దాటిన మనిషి, ఐసు నీళ్ళలో నాని వేళ్ళ కొసలు ముడతలు పడ్డాయి.

"లాంగుబాబు ఎక్కడున్నాడు దుర్గమ్మగారూ?"

"నాకేం తెలుసండి. రొయ్యలొలుచుకునేదాన్ని."

"వచ్చినవాళ్ళు ముప్పై ఎనిమిది. వెళ్ళినవాళ్ళు ముప్పై తొమ్మిది. ఆ ముప్పై తొమ్మిదో మనిషికి ఏప్రానూ టోపీ ఎవరిచ్చారు? నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండాలంటే నాకు నిజం కావాలి."

దుర్గమ్మ చేతులు తుడుచుకుని తలుపు దగ్గరికి వేసింది.

"నేను కువైట్‌లో పదకొండేళ్ళు ఇంటిపని చేసేనండి. మొదటింట్లో తిండి పెట్టేవోరు కాదు. ఓ రోజు గోడ దూకి పోలీస్టేషనుకి పోయేను. అక్కడాయన నా మొహం కూడా చూళ్ళేదండి. ఫోనెత్తి కఫీల్ని పిలిచేడు. మీ మనిషి ఇక్కడుంది, తీసుకుపొమ్మని. మళ్ళీ ఆ ఇంట్లోకే తోలేరండి. ఆ తరవాత జరిగింది మా ఇంటాయనక్కూడా నేను చెప్పలేదు."

పద్మశ్రీకి తను బంగారరాజుకి చేసిన ఫోను గుర్తొచ్చింది. అవే మాటలు. భాష ఒక్కటే తేడా.

"దీపావళెళ్ళేక లాంగుబాబు కూడా అలాగే అమలాపురం పోయొచ్చేడండి. మర్నాడు సైగలు చేసి చెప్పేడు. అక్కడో మేడం ఉందంట. కళ్ళజోడంట. బుగ్గ మీద పుట్టుమచ్చంట." దుర్గమ్మ ఆమె బుగ్గ వంకే చూస్తోంది. "ఆ మేడం మీరేనాండి?"

కాదంటే సరిపోయేది. ఈ గదిలో ఇంకెవరూ లేరు. పొద్దుటి నుంచి ఎన్ని అబద్ధాలు విని ఊరుకుంది, ఇంకొకటి తనే ఆడితే ఏం పోయింది? కానీ ఆ ముడతలు పడ్డ వేళ్ళ ముందు ఆ ఒక్క మాటా పెగల్లేదు.

"నేనేనమ్మా," అంది.

దుర్గమ్మ తిట్టలేదు. తల పంకించి, పక్కకి తిరిగి టోపీ తీసి జుట్టు ముడేసుకుంది.

"కాదని ఉంటే నా పీక కోసినా చెప్పేదాన్ని కాదండి. నిన్న పోలీసుల్ని చూసి హడలిపోతే నేనే ఏప్రానేసి మా వ్యాను ఎక్కించేను, మురమళ్ళలో మా చెల్లెలు గంగాదేవి ఇంట్లో ఉన్నాడు. వీరేశ్వరస్వామి కల్యాణానికి రోజూ ఎక్కడెక్కణ్ణుంచో జనం వత్తారు కదండి, కొత్త మొహవని ఎవరూ అడగరు. మీరు పంపిన మనిషొస్తేనే తలుపు తియ్యమని ఇప్పుడే ఫోను చేసి చెప్తాను. దాని నంబరు రాసుకోండి. ఈసారన్నా ఆ పిల్లోణ్ణి ఇంటికి పంపించండమ్మా."

పద్మశ్రీ బయటికొచ్చి చూస్తే తన జీపుకి రెండువైపులా విజయకుమార్ మనుషులు నిలబడి ఉన్నారు. తను కదిలితే వాళ్ళూ కదులుతారు. లాంగ్ ముందు వాళ్ళ చేతికి చిక్కితే గూఢచారి. ముందు తన సెల్‌కి చేరి, పాస్‌పోర్టు లాక్కున్నారని పద్మశ్రీ రాసిన వాంగ్మూలం మీద సంతకం పెడితే బాధితుడు. తేడా అంతా ఎవరు ముందు అందుకున్నారన్న దాంట్లో ఉంది.

"అంజిబాబుగారూ, మీ సొంత బండి మీద మురమళ్ళ వెళ్ళండి. నేను పంపానని చెప్పి అతన్ని నేరుగా మన ఆఫీసుకి తీసుకురండి. మూడో మనిషికి తెలియకూడదు."

"ఆయ్ మేడం. ముప్పావుగంటలో అందుకుంటాను."

అప్పుడు టైము పన్నెండున్నర.

*

"రెండింటికి ప్రకటన ఇస్తున్నాను," అన్నాడు విజయకుమార్. గడియారం ఒంటిగంట పావు చూపిస్తోంది. "ఫొటోతో సహా. గూఢచారి, పారిపోయాడు, ప్రమాదకరమైనవాడు అని. అన్ని రేవులకీ, అన్ని స్టేషన్లకీ. విదేశీయుల మీద కొత్త చట్టం వచ్చాక ఇలాంటివాటిలో మెతకదనం కుదరదు."

"అలా ఇస్తే అతన్ని చూసినవాడు ముందు కర్రెత్తుతాడు సార్, తర్వాత పేరడుగుతాడు."

"అందుకు బాధ్యులు ఇక్కడ చోటిచ్చినవాళ్ళు. తనిఖీ చేశామని రాసినవాళ్ళు."

ఆమె ఆ దెబ్బ తిని నిలదొక్కుకుంది. "మీరు పొద్దుట్నుంచి ఫోను అంటున్నారు, మనిషి అంటున్నారు. ఆ ఫోను అతని చేతిలో ఉండగా ఎవరు చూశారు? అది కంచె దగ్గర ఉన్నది ఏ రోజు?"

"ఒకే ఒక్క రోజు. అక్టోబరు ఇరవై రెండు. పదకొండు నలభై నుంచి ఒంటిగంట పది దాకా."

పద్మశ్రీ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది.

దీపావళి వెళ్ళిన రెండో రోజు. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాటేదాకా. ఆ మనిషి నిర్దోషి అని రుజువు చేయగల సాక్షులు ఈ భూమ్మీద ఇద్దరే ఉన్నారు. అందులో బంగారరాజు ఇందాకే అబద్ధం చెప్పాడు. మిగిలింది తను. నోరు విప్పితే పదిహేనేళ్ళ ఉద్యోగం పోతుంది, బహుశా కేసు కూడా పడుతుంది. ఇంటి దగ్గర తొమ్మిదో తరగతి చదివే కూతురికి రేపు పేపర్లో అమ్మ ఫొటో చూపించి ఏం చెప్పాలో తెలియదు. నోరు విప్పకపోతే రెండింటికి ప్రకటన వెళ్ళిపోతుంది.

"ఆ టైములో అతను నా ఆఫీసు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు," అంది.

విజయకుమార్ చేతిలో పెన్ను ఆగింది. "ఏమన్నారు?"

"పాస్‌పోర్టు ఇప్పించమని నా దగ్గరికి వచ్చాడు. నేను రాసుకోలేదు. యజమానికి ఫోను చేసి అప్పగించేశాను. ఎందుకంటే సెప్టెంబరు తొమ్మిదిన చేశానన్న తనిఖీ నేను చేయలేదు. కుర్చీలో కూర్చుని రాసిన రిపోర్టు అది. అది బయటపడుతుందని భయపడ్డాను."

"రుజువు?"

"ఆ రోజు ఆఫీసులో నేనొక్కదాన్నే. అంజిబాబు కోర్టు డ్యూటీకి వెళ్ళాడు. కానీ ఒంటిగంటకి నా ఫోను నుంచి బంగారరాజు గారికి వెళ్ళిన కాల్ ఉంటుంది. తీయించుకోండి. ఇదంతా రాసి సంతకం పెడతాను. ఆ ప్రకటన ఆపండి."

విజయకుమార్ పెన్ను మూత పెట్టి, బల్ల మీదున్న కవరులోంచి ఒక కాగితం తీశాడు. ఆ మొహంలో పొద్దుటి నుంచీ ఉన్న వెటకారం లేదు.

"ఈ కాగితం మీ కోసమే దాచి ఉంచాను. ఆ సిమ్ కొనడానికి ఇచ్చిన పాస్‌పోర్టు కాపీ ఇది. కుడివైపు పైన చూడండి."

నీలం సిరాతో చిన్న అంకెలు. నూట పద్దెనిమిది. దాని కింద తేదీ.

"మీ సెల్ ఇన్‌వర్డు నంబరు," అన్నాడతను. "బంగారరాజు సొరుగులో ఉన్న పాస్‌పోర్టు మీద ఈ నంబరు ఉండదు. మీ ఫైల్లో ఉన్న కాపీ మీదే ఉంటుంది. అతని పేరు మీద సిమ్ కొని, ఆ కంచె దగ్గరికి వెళ్ళింది మీ ఆఫీసు మనిషి. అది మీరేనని ఖాయం చేసుకుని వచ్చాను. మిమ్మల్ని కదిలిస్తే బయటపడతారని చూస్తున్నాను. కానీ ఆ పని చేసినవాళ్ళు తమ ఉద్యోగం పణంగా పెట్టి అతను నిర్దోషి అని చెప్పరు. అతను దోషిగా దొరకడమే వాళ్ళకి కావాలి. అసలు దొరక్కుండా పోతే ఇంకా మేలు." అతను ముందుకు వంగాడు. "మీ బీరువా తాళం ఇంకెవరి దగ్గర ఉంటుంది?"

పద్మశ్రీ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. నూట పద్దెనిమిదిలో ఎనిమిది పైన చిన్న కొక్కెం. ఎనిమిదేళ్ళుగా రోజూ చూస్తున్న చేతిరాత. అక్టోబరు ఇరవై రెండున కోర్టులో ఏ కేసు ఉందో, అసలు ఉందో లేదో ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగి చూసే అలవాటే తనకుంటే ఇంతదూరం వచ్చేదే కాదు.

అంజిబాబు నంబరు కలిపింది. స్విచాఫ్. మళ్ళీ కలిపింది. స్విచాఫ్. దుర్గమ్మ ఇచ్చిన నంబరు నొక్కింది. విజయకుమార్ లేచి నిలబడి స్పీకరు పెట్టమని సైగ చేశాడు.

"ఆయ్, గంగాదేవినండి," అంది అవతలి గొంతు హుషారుగా. "మేడంగారాండి? మీ హెడ్డుగారు వచ్చెళ్ళి పావుగంటయ్యిందండి. కారేసుకొచ్చేరు. లోపల ఇంకో ఇద్దరున్నారండి. లాంగుబాబు ముందు రానన్నాడు, మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడండి. నేనే నచ్చజెప్పేను. మేడంగారు మనసు మార్చుకున్నారు, నిన్ను ఇంటికి పంపించేత్తారంట అని మా అక్క చెప్పిందని సైగలు చేసి చెప్పేనండి. అప్పుడు బుగ్గ మీద వేలెట్టి మచ్చ చూపించి అడిగేడండి, ఆ మేడంగారేనా పిలిచేరని. ఔనన్నాను. నవ్వుకుంటా వెళ్ళి కారెక్కేడండి."

అవతలి గొంతులో హుషారు తగ్గింది.

"మేడంగారూ? పంపించి తప్పేవన్నా చేసేనాండి?"

విజయకుమార్ అప్పటికే తలుపు తెరిచి తన మనుషుల్ని కేకేస్తున్నాడు.

"మీరు కాదమ్మా," అంది పద్మశ్రీ. "నేను చేశాను. రెండోసారి."